సమస్య: చీకటింటి నుండి చిమ్మె వెలుగు

ఈసారి ఇచ్చింది ఆటవెలది చివరి పాదం. వస్తువు మన పాలపుంత నడిబొడ్డున పుట్టే విశ్వకిరణాలు, అంటే అంతరిక్షంలో మహావేగంగా దూసుకుపోయే ప్రోటాన్ల వంటి కణాలు.

దేవరకొండ నుంచి:

పాలపుంత నడుమ బరువైన చీకటి
బావి చెంత పుట్టి పరుగులిడెడి
కణము మబ్బుఁ దాకి గామాను గురిపించ
చీకటింటి నుండి చిమ్మె వెలుగు

రాత్రి కరెంటు కోసం మోటబావి కాడ మంచం వేసుకుని పడుకునేవాణ్ణి. ఆషాఢంలో దక్షిణాన మూల చుక్క పక్కన పాలపుంత దట్టంగా కనిపించేది. ఆ బావే పద్యంలోకి వచ్చింది.

పాలమూరు నుంచి:

కాలబిలము మింగి కాంతిని వెడలించె
కన్ను తెరచి చూడు గగనమందు
మూల చుక్క దాపు ముసిరిన పుంతలో
చీకటింటి నుండి చిమ్మె వెలుగు

సమీక్ష: పాలమూరు తమ్ముడూ, నీ పద్యం నడక హాయిగా ఉంది, యతులన్నీ కుదిరాయి. మొదటి పాదంలోనే విషయం తప్పింది. కాలబిలం (బ్లాక్ హోల్) మింగిన కాంతి మళ్ళీ బయటకు రాదు.

దేవరకొండ అన్న వాడిన ‘చెంత’ చూడు. అక్కడున్న కాలబిలం 40 లక్షల సూర్యుల బరువు, మనకు సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరం. 2016లో నమీబియాలోని హెస్ టెలిస్కోపుల బృందం ఆ చుట్టుపక్కల ప్రోటాన్లు పెటా ఎలక్ట్రాన్ వోల్టు శక్తి దాకా, అంటే 1 పక్కన 15 సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్ వోల్టుల దాకా, వేగం పుంజుకుంటున్నాయని చెప్పింది. జెనీవా దగ్గర కణాలను ఢీకొట్టించే పెద్ద యంత్రంలో ప్రోటానుకు దక్కే శక్తికి ఇది వంద రెట్లు పైమాటే. బిలమే ఆ పని చేస్తోందనడానికి ఆధారం ఇంకా గట్టిపడాలి, ‘చెంత’ అంటే మాత్రం నిజం చెదరదు.

‘మబ్బు’ కూడా అంతే. ప్రోటానుకు విద్యుదావేశం ఉంది కాబట్టి దారిలోని అయస్కాంత క్షేత్రాలు దాన్ని తిప్పేస్తాయి, ఎక్కడ పుట్టిందో చెప్పలేం. అది అక్కడి హైడ్రోజన్ మబ్బును గుద్దితే పుట్టే గామా కిరణం, అంటే మహాశక్తి గల వెలుగు, మాత్రం తిన్నగా వస్తుంది. పుట్టిన చోటు చెప్పేది అదే.

పాలమూరు: ఒప్పుకున్నాను సార్. మొదటి పాదం ఇలా మార్చాను:

కాలబిలము చుట్టు గాలి వేడెక్కఁగ

దేవరకొండ: ఇప్పుడు సరిపోయింది తమ్ముడూ. మరి ‘కన్ను తెరచి చూడు’ సంగతేంది? గామా కంటికి ఆనదు కదా.

పాలమూరు: టెలిస్కోపు కన్ను అన్నా. గామా మన గాలిని తాకినప్పుడు మెరిసే నీలి తళుకును అద్దాలతో పడతారు. లడఖ్‌లోని హాన్లేలో మన మేస్ టెలిస్కోపు అద్దం అడ్డంగా 21 మీటర్లు. ఆ పాదం ఉంచేస్తాను.