‘ఓబె గొరీత్సి’: ఉభయ గొరీత్సల గురించి

మనం ఉభయ గోదావరి జిల్లాలు అంటాం, ఉభయ తెలుగు రాష్ట్రాలు అంటాం. ఆ ‘ఉభయ’కు దూరపు చుట్టం ఒకటి స్లోవేనియా, ఇటలీ సరిహద్దు దగ్గర ఇప్పటికీ జనం నోట్లో ఆడుతోంది. ‘ఓబె గొరీత్సి’ అంటారు వాళ్లు. రెండు గొరీత్సలూ అని అర్థం. ఒకటి ఇటలీలో ఉన్న పాత ఊరు (ఇటలీ వాళ్లకు గోరిజియా), ఇంకొకటి దాన్ని ఆనుకునే స్లోవేనియా వైపు ఉన్న ‘నోవా గొరీత్స’, అంటే కొత్త గొరీత్స.

ఈ రెండు మాటల్లో నన్ను పట్టేసింది చివరి ‘ఇ’. అది బహువచనం కాదు, ద్వివచనం. సంస్కృతం చదువుకున్నవాళ్లకు రామః, రామౌ, రామాః గుర్తుండే ఉంటుంది. రష్యన్, పోలిష్ లాంటి స్లావ్ భాషల్లో చాలావాటిలో ద్వివచనం ఎప్పుడో పోయింది, స్లోవేనియా వాళ్ల భాష స్లోవేన్‌లో మాత్రం ఇళ్లల్లో, బడిలో, వార్తల్లో అంతటా బతికే ఉంది. ఒక ఊరికి గొరీత్స, రెండిటికి గొరీత్సి, మూడో ఊరు ఉంటే గొరీత్సె అనాలి. ‘ఓబె’ అన్నది సంస్కృత ‘ఉభే’కి సోదరి. ‘గోర’ అంటే కొండ, మన ‘గిరి’ కూడా ఆ మూలం నుంచే వచ్చిందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ‘-ఇత్స’ చిన్నదానికి చేర్చే ప్రత్యయం, సంస్కృతంలో ‘-ఇకా’ చేసే పనే ఇదీ చేస్తుంది. ‘నోవా’ మన ‘నవ’. అన్నీ కలిపి చూస్తే ‘ఓబె గొరీత్సి’ని సంస్కృతంలో ‘ఉభే గిరికే’ అనొచ్చు! గిరిక అనగానే మన కావ్యాలు చదివినవాళ్లకు వసురాజు పెళ్లాడిన గిరిక గుర్తొస్తుంది. కోలాహల పర్వతానికీ శుక్తిమతీ నదికీ పుట్టిన పిల్ల కదా ఆమె. ఈ గొరీత్స కూడా కొండల పక్కన, సోచ నది ఒడ్డున ఉన్న ఊరే.

ఈ పేరుకు రాతపూర్వక ఆధారం 1001 నాటిది. పవిత్ర రోమన్ చక్రవర్తి మూడో ఓటో సోల్కన్ కోటలో సగం, ఈ ఊళ్లో సగం అక్విలేయా మతాధిపతికి దానమిస్తూ రాయించిన లాటిన్ పత్రంలో, స్లావుల భాషలో గొరీత్స అని పిలిచే ఊరు అని స్పష్టంగా రాశారు. ఊరు ఎవరిది అని గత వందేళ్లలో ఎన్ని గొడవలు జరిగినా, జర్మన్లు గ్యోర్ట్స్ అన్నా, ఇటాలియన్లు గోరిజియా అన్నా, ఆ ప్రాంతపు ఫ్రియులీ భాషవాళ్లు గురీజె అన్నా, అందరూ పలికేది ఆ చిన్నకొండ పేరునే. కొండ మీద కోట ఇప్పటికీ ఉంది. గొరీత్స కౌంట్ల వంశం 1500లో ఆగిపోయాక ఊరు ఆస్ట్రియా రాజవంశం హాబ్స్‌బర్గుల చేతికి వచ్చింది, మధ్యలో కొద్దికాలం తప్ప 1918 దాకా వాళ్లదే. అప్పట్లో ఒకే వీధిలో నాలుగు భాషలు వినపడేవి. స్లోవేన్‌లో మొదటి అచ్చుపుస్తకాలు తెచ్చిన ప్రీమోజ్ త్రూబార్ 1563లో ఇక్కడికి వచ్చి స్లోవేన్, జర్మన్, ఇటాలియన్ మూడింటిలోనూ ప్రసంగించాడు.

తర్వాత అంతా తలకిందులైంది. మొదటి ప్రపంచయుద్ధంలో 1915 జూన్ నుంచి 1917 దాకా ఈ సోచ లోయలో ఇటలీకీ ఆస్ట్రియా-హంగరీకీ మధ్య పన్నెండు యుద్ధాలు జరిగాయి. 1916 ఆగస్టులో ఆరో యుద్ధంలో ఇటలీ సైన్యం ఊరు పట్టుకుంది. 1920 రపాలో ఒప్పందంతో ప్రాంతమంతా ఇటలీకి వెళ్లింది, ముస్సోలినీ రోజుల్లో స్లోవేన్ బడులు మూతపడ్డాయి, ఇంటిపేర్లు కూడా ఇటాలియన్‌లోకి మార్చారు. లోయ్‌జె బ్రాతుజ్ అనే సంగీత గురువు చర్చిలో స్లోవేన్ పాటలు పాడించేవాడు. 1936 డిసెంబరులో ఫాసిస్టులు ఆయన చేత బలవంతంగా మోటారు నూనె తాగించారు, 1937 ఫిబ్రవరిలో చనిపోయాడు. తన భాషలో పాట పాడించినందుకు! ఇది చదివిన రోజు నాకు ఇంకేమీ చదవబుద్ధి కాలేదు.

ఇక ఊరు ఎలా రెండైందంటే, 1947 పారిస్ శాంతి ఒప్పందంలో గీసిన గీత ఊరిని ఇటలీలో ఉంచి, ఊరి ఉత్తరపు రైల్వే స్టేషన్నీ, చుట్టుపక్కల స్లోవేన్ పల్లెలనీ, సోల్కన్, షెంపేటర్ లాంటి శివార్లనీ యుగోస్లావియాకు (స్లోవేనియా అప్పుడు అందులో భాగం) ఇచ్చింది. పల్లెలకు బజారు, ఆస్పత్రి, బడి అన్నీ గీత అవతల ఉండిపోయాయి. అందుకే 1948లో పొలాల మధ్య కొత్త ఊరు కట్టడం మొదలుపెట్టారు. నమూనా గీసింది ఎద్వర్ద్ రావ్నికార్, పారిస్‌లో ల కార్బూజియే దగ్గర పనిచేసిన వాస్తుశిల్పి. కొత్త ఊరికి ఇంకో పేరేదైనా పెట్టుకోవచ్చు, కానీ పోగొట్టుకున్న ఊరి పేరే పెట్టుకున్నారు. ‘గొరీత్సి’ అనే ద్వివచనానికి పని పడింది అప్పుడే.

వ్యాఖ్య: మంచి పోస్టండీ. ‘త్స’ అని రాస్తున్నారు, మన ‘ౘ’ సరిపోదా?

జవాబు: చక్కగా సరిపోతుందండీ. స్లోవేన్‌లో ఆ శబ్దం మన చాప, చుక్క, చలిలో పలికే దంత్య ‘ౘ’కు చాలా దగ్గర. ‘గొరీౘ’ అని రాస్తే ఇంకా బాగుంటుంది, కానీ ఆ అక్షరం చాలా ఫోన్లలో కనపడదు, అందుకని ‘త్స’ వాడాను. నది పేరు ‘సోచ’లోది మాత్రం మామూలు తాలవ్య ‘చ’, చిలకలో పలికేది. అంటే ఊరి పేరులో ఒక చ, ఏటి పేరులో ఇంకో చ. మనవాళ్ల నోరు ఈ తేడాను ఇట్టే పట్టుకుంటుంది.

వ్యాఖ్య: అక్కడే స్వేతా గోర అనే కొండ ఉంది కదా సార్, అది మన శ్వేతగిరేనా?

జవాబు: వినడానికి అచ్చం అలాగే ఉంటుంది కానీ కాదండీ. ఆ ‘స్వేతా’కు అర్థం పవిత్రమైన అని, పార్శీల మతగ్రంథం అవెస్తాలోని ‘స్పెంత’ దాని బంధువు. మన ‘శ్వేత’కు అసలు బంధువు స్లోవేన్‌లో ‘స్వేతెల్’, వెలుగు గల అని అర్థం. పాత స్లావ్‌లో పవిత్రం అనే మాటలో అనునాసిక అచ్చు ఉండేది, అది పోయి రెండూ ఒకేలా వినపడుతున్నాయి. ఆ కొండ మీద మరియమ్మ గుడి ఉంది, 1539లో ఒక పశువుల కాపరి పిల్లకు ఆమె దర్శనమిచ్చిందని నమ్మకం. కాబట్టి పుణ్యగిరి అనండి. పోల్చేటప్పుడు శబ్దం ఒక్కటే చూస్తే ఇలాగే దారి తప్పుతాం, నా ‘గిరిక’ పోలికను కూడా ఇంతే గట్టిగా పరీక్షించమని అడుగుతున్నాను.

వ్యాఖ్య: సరిహద్దు పడ్డాక జనం ఎలా బతికారు? చుట్టాలు అటూ ఇటూ ఉండిపోయి ఉంటారు కదా.

జవాబు: ఉండిపోయారు. మీరెన్ అనే పక్క ఊళ్లో గీత ఏకంగా శ్మశానం మధ్య నుంచి పోయింది, సమాధుల మీదుగా, 1975లో ఇటలీ, యుగోస్లావియాల మధ్య ఓసిమో ఒప్పందం అయ్యేదాకా అదే పరిస్థితి. 1950 ఆగస్టు 13 ఆదివారం నాడు అటువైపు చుట్టాలను చూద్దామని వేలమంది యుగోస్లావియా వైపు గేటు దగ్గర గుమిగూడి, కాపలావాళ్లను తోసుకుని పాత ఊళ్లోకి వెళ్లిపోయారు. దుకాణాల్లో దొరికినవి కొనుక్కుని సాయంత్రానికి తిరిగొచ్చారు. ఇంట్లో కొరతగా ఉన్న చీపుర్లు చాలామంది చేతుల్లో కనపడ్డాయి, అందుకే ఆ రోజును ‘చీపుర్ల ఆదివారం’ అంటారు. 1955 తర్వాత సరిహద్దు వాసులకు ప్రత్యేక పాసులిచ్చారు, రాకపోకలు మెల్లగా పెరిగాయి. 2004లో స్లోవేనియా యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు స్టేషన్ ముందు కంచె తీసేసి చౌరస్తా చేశారు, 2007 డిసెంబరులో షెంగెన్ (యూరప్ దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు లేని ఏర్పాటు) వచ్చి తనిఖీలు పోయాయి. 2023 అక్టోబరులో ఇటలీ మళ్లీ తనిఖీలు పెట్టడం నాకు బాధగా అనిపించింది. అయినా 2025లో రెండు ఊళ్లూ కలిసి యూరప్ సాంస్కృతిక రాజధానిగా నిలిచాయి.

వ్యాఖ్య: వాళ్లకు ద్వివచనం ఉంది సరే, మనకున్న మా, మన తేడా వాళ్లకు ఉందా అండీ?

జవాబు: లేదండీ, ఇది నిజంగా మంచి ప్రశ్న. ‘నాషా గొరీత్స’ అంటే మా గొరీత్స కావచ్చు, మన గొరీత్స కావచ్చు, వినేవాణ్ని కలుపుకున్నారో లేదో ఆ మాటతో తెలియదు. సరిహద్దు గొడవల్లో ఇరువైపులా ఆ మాటను ‘మా’ అనే అర్థంలోనే వాడారు. ద్వివచనంలో ‘మిద్వా’ అంటే మేమిద్దరం కూడా, మనిద్దరం కూడా. తెలుగులోకి అనువదించేవాళ్లు ప్రతిచోటా సందర్భం చూసి ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే. ‘ఓబె గొరీత్సి’కి మాత్రం ఆ చిక్కు లేదు, ‘ఉభయ గొరీత్సలు’ అని రాస్తే మనవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ‘ఇరు గొరీత్సలు’ బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తే కారణంతో సహా రాయండి.