రెండడుగుల మొక్కల ట్యాంకుకు సిలిండర్ సీఓటూ: పదివేలలో దేనిమీద ఖర్చు పెట్టాలి?

కృష్ణాతీరం, విజయవాడ:

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తున్న మొక్కల ట్యాంకు, అంటే నీటి మొక్కలు పెంచే అక్వేరియం ఉంది. అడుగున వేసిన మట్టిని, పైన వదిలిన ఖాళీని తీసేస్తే సుమారు 60 లీటర్ల నీరు పడుతుంది. ముందు భాగంలో నేల మీద పాకే మాంటీ కార్లో మొక్క, వెనుక రొటాలా, చెక్క దుంగ మీద అనూబియాస్, దాని నీడలో క్రిప్టోకోరైన్ ఉన్నాయి. నియాన్ టెట్రా చేపలను, చెర్రీ రొయ్యలను పెంచుతున్నాను. ఎల్‌ఈడీ లైటు రోజుకు ఎనిమిది గంటలు వెలుగుతుంది.

ఇప్పటిదాకా రెండు సీసాల్లో నిమ్మ ఉప్పు, వంట సోడా కలిపే పద్ధతిలోనే మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ (సీఓటూ) ఇస్తున్నాను. కలిపిన మొదటి రోజుల్లో గ్యాస్ బాగా వస్తుంది, రొటాలా చివుళ్లు ఎరుపెక్కుతాయి. ఆ తరువాత బుడగలు పలచబడతాయి, మాంటీ కార్లో నేలను పట్టుకొని పాకడం మాని పైకి సాగుతుంది, కింది ఆకులు పాలిపోతాయి. ఈ మధ్య అనూబియాస్ ఆకుల అంచుల వెంట నల్లటి కుచ్చులాంటి నాచు పట్టింది, గోటితో గీకినా వదలడం లేదు. గ్యాస్‌లోని ఈ హెచ్చుతగ్గులను ఆపాలంటే సిలిండర్ పెట్టుకోక తప్పదని నిర్ణయించుకున్నాను.

పదివేల రూపాయలకు మించి పెట్టలేను. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. చిన్న అల్యూమినియం సిలిండర్‌తో వచ్చే అక్వేరియం కిట్ మొదటిది. కార్బన్ డయాక్సైడ్ ఉండే పాత రెండు కిలోల మంటలార్పే సిలిండర్ తీసుకొని దానికి రెగ్యులేటర్ బిగించడం రెండోది. వెల్డింగ్ షాపువారు వాడే సిలిండర్, రెగ్యులేటర్ రెండూ కొనేయడం మూడోది. ట్యాంకు పడకగదిలో ఉంది, వేసవిలో ఏసీ వేసి తలుపులు మూసే పడుకుంటాం. మా ఊరి మే నెల ఎండలు మీకు తెలియనివి కావు. ఇన్నింటిని దృష్టిలో పెట్టుకొని ఏది మంచిదో చెప్పగలరు.

నీటితోట, హైదరాబాద్:

కృష్ణాతీరం గారూ, ముందు సీసాల లెక్క ఒకసారి చూద్దాం. 200 గ్రాముల వంట సోడా పూర్తిగా కరిగి పనిచేసినా దానినుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 105 గ్రాములు మాత్రమే. అందుకు 150 గ్రాముల పైచిలుకు నిమ్మ ఉప్పు ఖర్చవుతుంది. అంటే రెండు కిలోల సిలిండర్ ఒక్కసారి నింపిస్తే, అలాంటి సీసాలను పంతొమ్మిది సార్లు కలిపినంత గ్యాస్ చేతికి వస్తుంది. గ్యాస్ ఖరీదు మాత్రమే చూసినా సిలిండరే లాభం. దానికన్నా ముఖ్యంగా, ఈ రోజు వచ్చినంతే రేపూ వస్తుంది. మొక్కలకు కావలసింది ఆ నిలకడే.

ఇక డబ్బు సంగతి. సిలిండర్‌లో గ్యాస్ సుమారు 60 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. దాన్ని ఒకటి రెండు బార్లకు దించడం రెగ్యులేటర్ పని, ఆ తరువాత సెకనుకు ఒక బుడగ చొప్పున వదలడం నీడిల్ వాల్వు పని. మీ చేపల ప్రాణాలు ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి, పదివేలలో సగానికి తగ్గకుండా వీటికే కేటాయించండి. వెల్డింగ్ రెగ్యులేటర్ నిమిషానికి పది, పదిహేను లీటర్ల గ్యాస్ ఇవ్వడానికి చేసినది. మీ ట్యాంకుకు రోజంతా కలిపి రెండు మూడు లీటర్లు చాలు. దాని మరను వెంట్రుకవాసి తిప్పినా గ్యాస్ బుసకొడుతుంది. దానికి విడిగా మంచి నీడిల్ వాల్వు తగిలించి నడిపేవారు ఉన్నారు గాని, అతుకులు పెరిగిన కొద్దీ లీకులు పెరుగుతాయి, చివరికి ఖర్చూ అంతే అవుతుంది. అందువల్ల ఆ మూడో దారిలో రెగ్యులేటర్‌ను వదిలేయండి.

ఒత్తిడిని రెండు అంచెల్లో దించే డ్యుయల్ స్టేజ్ రెగ్యులేటర్ దొరికితే మంచిదే, కాని మీ బడ్జెట్‌లో అది ఇమడకపోవచ్చు. ఒకే అంచెలో దించే సింగిల్ స్టేజ్ రకంలో ఉన్న లోపమల్లా సిలిండర్ అడుగంటే సమయంలో బయటపడుతుంది. లోపలి ఒత్తిడి పడిపోయే కొద్దీ బయటికి వచ్చే ఒత్తిడి పెరిగి, ఉన్నట్టుండి ఎక్కువ గ్యాస్ ట్యాంకులోకి వెళ్లవచ్చు. సిలిండర్‌ను పూర్తిగా అయిపోయేదాకా ఉంచకుండా, కొంత మిగిలి ఉండగానే నింపించుకుంటే ఈ ప్రమాదాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు. నా దృష్టిలో బడ్జెట్ ట్యాంకుకు ఇదే సరైన రాజీ.

కరెంటుతో తెరుచుకొని, కరెంటు ఆగితే మూసుకునే సొలినాయిడ్ వాల్వు తప్పనిసరిగా ఉండాలి. రాత్రిపూట మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకోవు సరికదా, అవీ చేపల్లాగే ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. ఆ సమయంలో గ్యాస్ వెళ్తూనే ఉంటే తెల్లవారేసరికి చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

మిగతావాటిలో పొదుపు చేయవచ్చు. గ్యాస్‌ను సన్నని బుడగలుగా నీటిలోకి వదిలే డిఫ్యూజర్ చవకది చాలు. సిరామిక్ బిళ్ల మీద నాచు పట్టినప్పుడు నీళ్లు కలిపిన బ్లీచులో నానబెట్టి బాగా కడిగితే మళ్లీ సన్నని బుడగలు వస్తాయి. గొట్టం మాత్రం సిలికాన్‌ది వద్దు, అందులోంచి గ్యాస్ ఇంకిపోతుంది. పాలీయురేథేన్ గొట్టం తీసుకోండి. నీరు వెనక్కు పాకి సొలినాయిడ్‌లోకి వెళ్లకుండా ఒక చెక్ వాల్వు కూడా వేయండి. కిట్ విషయానికి వస్తే, సిలిండర్ మరీ చిన్నదైతే తరచుగా నింపించాలి. నింపేవారు అరకిలోకైనా రెండు కిలోలకైనా దాదాపు ఒకే కూలి అడుగుతారు, కొందరు అసలు చిన్న సిలిండర్లు ముట్టుకోరు. కొనేముందు మీ ఊళ్లో సోడా తయారీదారులకు గ్యాస్ ఇచ్చేవారిని, మంటలార్పే సిలిండర్లు నింపేవారిని అడిగి, వారు దేన్ని నింపుతారో అది కొనండి. సిలిండర్ వాల్వు మర, రెగ్యులేటర్ మర ఒకటేనా అన్నది కూడా అక్కడే సరిచూసుకోండి. బయటి దేశాల నుంచి వచ్చే రెగ్యులేటర్లలో డబ్ల్యూ 21.8, సీజీఏ 320 అని రెండు రకాల మరలు ఉంటాయి, ఒకదానికొకటి పట్టవు.

వాల్వుపని, విశాఖపట్నం:

గ్యాస్ నింపే చోట పనిచేస్తున్నాను కాబట్టి సిలిండర్ గురించి మాత్రమే రాస్తాను.

పాత మంటలార్పే సిలిండర్ వాడదలచుకుంటే, దాని లోపల అడుగుదాకా ఒక గొట్టం ఉంటుందన్న విషయం ముందు తెలుసుకోవాలి. సిలిండర్‌లో ఒత్తిడికి ద్రవంగా మారి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను మంట మీదికి నేరుగా పంపడానికే దాన్ని పెడతారు. ఆ గొట్టం ఉండగా సిలిండర్‌ను నిలబెట్టి రెగ్యులేటర్ బిగిస్తే, రెగ్యులేటర్‌లోకి గ్యాస్‌కు బదులు ద్రవం ఎక్కి లోపలి సీళ్లను పాడుచేస్తుంది. సిలిండర్‌ను ఖాళీ చేసి, వాల్వు విప్పి, ఆ గొట్టం తీయడం సర్వీసు షాపువారు చేయవలసిన పని. ఇంట్లో పానాతో ఎవరూ ప్రయత్నించకూడదు. పిడి నొక్కితే తెరుచుకునే వాల్వు మనకు పనికిరాదు, చక్రం తిప్పే వాల్వు ఉండాలి. ఇలా మార్చిన సిలిండర్ ఇక మంటలార్పడానికి పనికిరాదు కాబట్టి, ఇంట్లో ఎవరూ పొరబడకుండా దాని మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

సిలిండర్ భుజం మీద చెక్కిన అంకెలు చదవండి. ఖాళీ బరువు, ఎన్ని లీటర్ల నీరు పడుతుంది, చివరిసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) ఎప్పుడు జరిగింది అన్నవి అక్కడ ఉంటాయి. ఈ పరీక్ష అయిదేళ్లకొకసారి జరగాలి. గడువు దాటిన సిలిండర్‌ను ఎవరైనా నింపుతామన్నా మీరు ఒప్పుకోవద్దు. అంకెలను గీకేసి రంగు వేసిన సిలిండర్ ఎంత చవకగా వచ్చినా వెనక్కు ఇచ్చేయండి.

మీ ఊరి ఎండల గురించి అడిగారు. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే సిలిండర్‌లో ద్రవంగా ఉండలేదు. 20 డిగ్రీల దగ్గర 57 బార్లు ఉండే ఒత్తిడి 30 డిగ్రీలకు 72 బార్లు అవుతుంది, ఆపైన ఇంకా వేగంగా పెరుగుతుంది. ఈ పెరుగుదలకు చోటు ఉండాలనే సిలిండర్‌ను నిండా నింపరు. మూడు లీటర్ల నీరు పట్టే సిలిండర్‌లో రెండు కిలోల గ్యాస్ నింపాలి, అంతకు మించకూడదు. నింపేవాడు అభిమానం కొద్దీ మరో రెండు వందల గ్రాములు వేస్తానంటే వద్దనండి. ఎదురుగా కాటా మీద పెట్టించి, ఖాళీ బరువు తీసేసి చూసుకోండి. కిటికీ పక్కన ఎండ తగిలే చోట, మూసిన కారులో సిలిండర్‌ను ఎన్నడూ ఉంచవద్దు.

ఎంత మిగిలిందో ఒత్తిడి చూపే గేజి చెప్పదు. లోపల ద్రవం ఉన్నంతకాలం ముల్లు దాదాపు అక్కడే నిలబడి, ద్రవం అయిపోగానే జారిపోతుంది. నీటితోట గారు చెప్పినట్టు ముందే నింపించుకోవాలంటే నెలకొకసారి బరువు తూచడమే మార్గం.

పడకగది విషయం నన్ను నిజంగా ఆందోళనకు గురిచేస్తోంది. రెండు కిలోల గ్యాస్ బయటికి వస్తే సుమారు 1,100 లీటర్లవుతుంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తున్న గదిలో పట్టే గాలి 28,000 లీటర్ల చిల్లర. అంటే మూసిన గదిలో నిండు సిలిండర్ ఒక్కసారిగా ఖాళీ అయితే కార్బన్ డయాక్సైడ్ నాలుగు శాతానికి చేరుకుంటుంది. అది ప్రాణానికి వెంటనే ప్రమాదమని పరిశ్రమల్లో లెక్కించే స్థాయి. పైగా ఇది గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువైనది, వాసన తెలియదు, మంచాల ఎత్తులోనే ముందు పేరుకుంటుంది. రోజువారీగా బుడగలుగా వచ్చే గ్యాస్ వల్ల భయమేమీ లేదు. సిలిండర్‌ను గోడ అవతల వరండాలో నీడపట్టున నిలబెట్టి, గొలుసుతో కట్టి, గొట్టాన్ని మాత్రమే గదిలోకి తెచ్చుకోండి.

పచ్చగాజు, బెంగళూరు:

ఇద్దరూ విలువైన విషయాలు చెప్పారు. అయితే కొనడానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవాలని నా మనవి. మీ జాబితాలో గ్యాస్ లేకపోతే నిజంగా ఇబ్బందిపడే మొక్క మాంటీ కార్లో ఒక్కటే. అనూబియాస్, క్రిప్టోకోరైన్‌లకు గ్యాస్ అక్కర్లేదు, రొటాలా ఎరుపు తగ్గినా బతుకుతుంది. నల్లటి నాచుకు హెచ్చుతగ్గులతో పాటు లైటు కూడా కారణమై ఉండవచ్చు. ముందు లైటును ఆరు గంటలకు తగ్గించి, నెల రోజులు చూడండి. లైటు పెంచితే మొక్క గ్యాస్‌ను, ఎరువును ఎక్కువ అడుగుతుంది. ఆ రెండూ అందకపోతే మిగిలిన వెలుగు నాచుకు దక్కుతుంది.

వేసవిలో నీటి వేడి 30 డిగ్రీలు దాటితే అందులో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. అలాంటి రోజుల్లో 30 పీపీఎం (లీటరు నీటిలో 30 మిల్లీగ్రాములు) గ్యాస్‌ను తట్టుకోవడం టెట్రాలకు కష్టం. పదివేలలో కొంత తీసి, నీటి ఉపరితలం మీదికి గాలి తోలే చిన్న ఫ్యాన్ కొనుక్కోండి. విజయవాడలో ఉక్కపోత రోజుల్లో అది అంతగా పనిచేయకపోయినా, పొడి ఎండల్లో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. నేనైతే సిలిండర్‌ను అక్టోబరులో మొదలుపెడతాను.

కృష్ణాతీరం, విజయవాడ:

ముగ్గురికీ ధన్యవాదాలు. సిలిండర్‌ను వరండాలోనే పెడతాను. పచ్చగాజు గారూ, లైటును ఈ రోజే ఆరు గంటలకు తగ్గించాను, ఫ్యాను కూడా తీసుకుంటాను. కాని మాంటీ కార్లో కోసమే ఈ ట్యాంకు పెట్టుకున్నాను, దాన్ని వదులుకోలేను. నీటితోట గారూ, మా నీటి కేహెచ్ (కార్బనేట్ కాఠిన్యం) 6 వచ్చింది. ఎంత గ్యాస్ ఇవ్వాలో ఎలా తేల్చుకోవాలి? కరెంటు పోయినప్పుడు ఏం చేయాలి? ఇంట్లో ఇన్వర్టర్ ఉంది.

నీటితోట, హైదరాబాద్:

పచ్చగాజు గారు చెప్పిన లైటు మాటతో నేనూ ఏకీభవిస్తున్నాను. సిలిండర్ వచ్చాక కూడా ఆరు గంటలతోనే మొదలుపెట్టండి.

కేహెచ్ 6 ఉన్న నీటిలో పీహెచ్ 6.8 దగ్గరికి దిగితే, లెక్క ప్రకారం 30 పీపీఎం కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉన్నట్టు. కాని చెక్క దుంగ, అడుగు మట్టి కూడా నీటిలోకి ఆమ్లాలను వదులుతాయి కాబట్టి, ఆ లెక్క ఉన్నదానికన్నా ఎక్కువ గ్యాస్ ఉన్నట్టు చూపుతుంది. ట్యాంకు లోపల తగిలించే, రంగు మారే ద్రవం పోసిన చిన్న బుడ్డి డ్రాప్ చెకర్ ఆ చిక్కును తప్పిస్తుంది. అందులో మీ ట్యాంకు నీరు పోయకూడదు. కేహెచ్ కచ్చితంగా 4 ఉండేలా తయారుచేసిన ద్రావణం పోసి, బ్రోమోథైమాల్ బ్లూ చుక్కలు వేయాలి. నీలం అంటే గ్యాస్ తక్కువ, పసుపు అంటే ఎక్కువ, లేత ఆకుపచ్చ అంటే దాదాపు 30 పీపీఎం. ఆ రంగు రెండు గంటల కిందటి పరిస్థితిని చెబుతుందని గుర్తుంచుకొని, రంగు మారలేదని తొందరపడి మర తిప్పవద్దు. సెకనుకు ఒక బుడగతో మొదలుపెట్టి, రోజుకు కొంచెం చొప్పున, అదీ మీరు ఇంట్లో ఉండే రోజుల్లోనే పెంచండి. గ్యాస్‌ను లైటుకు రెండు గంటల ముందు తెరిచి, లైటు ఆరడానికి గంట ముందు కట్టేయాలి. గ్యాస్ గరిష్ఠంగా ఉండేది కట్టే ముందు, కనుక చేపలను చూడవలసిన సమయం అదే. మొప్పలు వేగంగా కొట్టుకున్నా, రొయ్యలు తిండి మాని గాజు వెంట పైకి ఎగబాకుతున్నా రంగు ఆకుపచ్చగా ఉంది కదా అని ఊరుకోవద్దు; గ్యాస్ కట్టి ఎయిర్ పంపు వేయండి. వేసవిలో లేత ఆకుపచ్చకు ఇంకా రాకముందే, ముదురు ఆకుపచ్చ దగ్గరే ఆగండి.

కరెంటు పోతే సొలినాయిడ్ దానంతటదే మూసుకుంటుంది. అందుకే దాన్ని ఇన్వర్టర్ మీద పెట్టవద్దు, ఫిల్టర్‌ను మాత్రమే పెట్టండి. దీనికి విరుద్ధంగా జరిగి, ఫిల్టర్ ఆగిపోయి గ్యాస్ వెళ్తూ ఉంటే నీరు కదలక గ్యాస్ ఒకేచోట పేరుకుంటుంది. ముల్లుతో తిరిగే టైమర్ కరెంటు లేనంతసేపూ ఆగి, ఆ మేరకు వెనకబడుతుంది. లైటు, గ్యాస్ టైమర్లు రెండూ ఒకే బోర్డు మీద ఉంటే రెండూ సమానంగా వెనకబడి వాటి మధ్య తేడా మారదు. వారానికొకసారి గడియారం చూసి సరిచేస్తే చాలు.

ఇరవై బుడగలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, సెకనుకు రెండు బుడగల చొప్పున ఏడు గంటలకు సుమారు రెండున్నర లీటర్లు అవుతుంది. లీకులు లేకపోతే రెండు కిలోలు ఏడాదికి అటూ ఇటుగా రావాలి.

వాల్వుపని, విశాఖపట్నం:

ఆ లీకుల గురించి ఒక్క మాట. సిలిండర్ నింపించి తెచ్చిన ప్రతిసారీ రెగ్యులేటర్ అతుకులో కొత్త వాషర్ వేయండి, అక్కడ టెఫ్లాన్ టేపు చుట్టవద్దు. బిగించాక సబ్బు నురుగు పూసి, ప్రతి అతుకు దగ్గర చిన్న బుడగ పొంగుతుందేమో టార్చి వేసి చూడండి. ఆ తరువాత సొలినాయిడ్ కట్టేసి, సిలిండర్ వాల్వు కూడా మూసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున్న గేజి ముల్లు రాత్రి ఉన్నచోటే ఉంటే వాల్వు తెరవవచ్చు; బాగా దిగి ఉంటే మళ్లీ విప్పి బిగించి, ఇంకో రాత్రి చూడండి.