డ్రోన్ స్ప్రేయింగ్‌లో ఎకరాల టార్గెట్ ఎవరి మీద ఉండాలి?

ఆపరేషన్స్ మేనేజర్, భీమవరం:
వరికి డ్రోన్‌తో మందు కొట్టే కంపెనీలో మూడేళ్లుగా ఆపరేషన్స్ చూస్తున్నాను. ఒక్కో డ్రోన్ రోజుకు 25 ఎకరాలు చేయాలని, తగ్గితే పైలట్ ఇన్సెంటివ్ కట్ అని పోయినసారిలాగే ఈ సార్వాకి (ఖరీఫ్ పంటకి) కూడా పైనుంచి చెప్పారు. ఈ లెక్క పైలట్ మీద పెట్టడం తప్పని నేనంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

మా డ్రోన్ ట్యాంకు 10 లీటర్లు, అది ఒక ఎకరానికి. ఎగిరేది ఏడెనిమిది నిమిషాలే. మందు కలిపి నింపడం, బ్యాటరీ మార్చడం కూడా కలిపితే 12. గాలి తక్కువగా ఉండేది పొద్దున ఆరు నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు. ఈ ఆరు గంటల్లో కాగితం మీద 30 ఎకరాలు అవుతాయి. పొలాలన్నీ ఒక్కచోట ఉంటేనే సుమా. ముప్పావు ఎకరం ఇక్కడ, ఎకరన్నర కాలువ అవతల అయితే సామాను బండెక్కించి దించడానికే ప్రతిసారీ పావుగంట, ఇరవై నిమిషాలు పోతాయి. అప్పుడు 13 ఎకరాలు దాటవు. ఏ రోజు ఏ ఊళ్లో ఎవరి పొలమో నిర్ణయించేది పైలట్ కాదు, నేను.

పోయిన సార్వాలో ఆకుముడత పురుగుకు లామ్డా సైహాలోత్రిన్ అనే పురుగుమందు కొడుతుండగా గాలి లేచింది. అప్పటికి 22 ఎకరాలయ్యాయి. ఇంకో మూడే కదా అని పైలట్ ఆపలేదు. గట్టు అవతల రొయ్యల చెరువుంది. ఆ రకం మందులు రొయ్యకు ఎంత విషమో ఈ జిల్లాలో తెలియనివాళ్లు లేరు. తెల్లారేసరికి రొయ్యలు తేలాయి. కోత పడింది పైలట్ జీతంలో. చెరువు పక్క పొలాన్ని ఆ రోజు జాబితాలో పెట్టిన నన్ను ఒక్కరూ అడగలేదు. ఇప్పటికీ అది నాకు మింగుడు పడదు.

ఇదే పనిలో ఉన్నవాణ్ణి, ఏలూరు:
మీ బాధ అర్థమైంది గానీ, లెక్క కూడా చూడండి. ఎకరానికి ఛార్జీ 400 రూపాయలైతే 13 ఎకరాలకు 5,200. మా దగ్గర పైలట్, హెల్పర్, బండి, జనరేటర్ డీజిల్‌కే 3,500 దాటుతుంది. బ్యాటరీలు కొన్ని వందల ఛార్జింగ్‌లకే నీరసిస్తాయి, వాటికి డబ్బు పక్కన పెట్టాలి. సీజన్ గట్టిగా రెండు నెలలు. డ్రోన్ల అప్పు వాయిదాలు మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. పైగా 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకంలో మహిళా సంఘాలకు డ్రోన్ ఖర్చులో 80 శాతం దాకా, గరిష్ఠంగా 8 లక్షలు సాయం పెట్టారు. అలా కొన్న డ్రోన్లతో రేటులో పోటీ పడాలి. టార్గెట్ తీసేస్తే తొమ్మిదింటికే సర్దుకునేవాళ్లూ ఉంటారు, నేను చూశాను.

డ్రోన్ పైలట్:
రిమోట్ పైలట్ సర్టిఫికెట్ నా పేరు మీద ఉంది. ఏదైనా జరిగితే ముందు అడిగేది నన్నే. టార్గెట్ టెన్షన్‌లో ఏం చేస్తామో చెప్తాను. ఎత్తు పెంచుతాం, వేగం పెంచుతాం. ఎకరాలు కనిపిస్తాయి, ఆకు మీద మందు పలచబడుతుంది. బ్యాటరీ చల్లారకముందే ఛార్జింగ్‌కి పెడతాం. ఇది సోమరితనం గొడవ కాదండీ.

కౌలు రైతు, తణుకు దగ్గర:
మీరంతా మీ ఖర్చులు చెప్పుకుంటున్నారు. నా మాటా వినండి. వరి రసం పీల్చే సుడిదోమ ఉండేది దుబ్బు మొదట్లో. అందుకే రెండు మీటర్లకో కాలిబాట తీసి, ఎకరానికి 200 లీటర్ల నీళ్లతో మొదలు తడిసేలా కొట్టేవాళ్లం. మీ 10 లీటర్లు పైనుంచి అంత కిందికి దిగాయో లేదో ఎవరు చూస్తున్నారు? ఎకరాలు లెక్కపెట్టే మనిషి ఒక్కసారి వంగి దుబ్బు విప్పి చూడాలి. అలాగని గాలి సాకు చెప్పి మూడు రోజులు వాయిదా వేసినా ఒప్పుకోను. ఈలోపు చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది.

ఏలూరు:
గాలి లేస్తే ఆపే హక్కు పైలట్‌కి ఇవ్వాలి, సరే. నిజంగా గాలి ఉందని ఆఫీసుకు ఎలా తెలుస్తుంది?

భీమవరం:
గాలి వేగం కొలిచే చిన్న మీటరు ప్రతి టీముకూ ఇస్తే సరిపోతుంది. ఆపినప్పుడు దాని ఫోటో గ్రూపులో పెట్టాలి. ఎగిరిన ఎత్తు, వేగం ఎలాగూ డ్రోన్ లాగ్‌లో (రికార్డులో) ఉంటాయి. నేను పంపబోయే ప్రతిపాదన ఇది: 25 ఎకరాల టార్గెట్ నా మీద ఉంటుంది, ఒకే ఊళ్లో 20 ఎకరాలు జతపడ్డాకే డ్రోన్ పంపుతాను. చెరువు గట్టు పక్క పొలాలకు డ్రోన్ బుకింగే తీసుకోం. పైలట్ ఇన్సెంటివ్ మాత్రం మళ్లీ వెళ్లి కొట్టాల్సి వచ్చిన ఎకరాలు ఎంత తగ్గితే అంత.

కౌలు రైతు:
20 ఎకరాలు జతపడేదాకా ఆగితే నా ఎకరన్నర సంగతేంటి? మా ఊళ్లో ఇంకెవరూ బుక్ చేయలేదు.

భీమవరం:
నిజమేనండి, అది నేను ఆలోచించలేదు. మా దగ్గర ఆరు డ్రోన్లున్నాయి. ఒకదాన్ని టార్గెట్ లేకుండా, పురుగు ఉధృతి ఉన్న చిన్న కమతాలకే ఉంచమని అడుగుతాను. ఏలూరు అన్నయ్యా, దాని నష్టం మిగతా ఐదూ మోయగలవేమో మీ లెక్కతో ఒకసారి చూసి పెట్టండి. సోమవారం మీటింగ్‌కి కాగితంతోనే వెళ్లాలి.