అమ్మానాన్నలకు షియామెన్ చూపించాలి: గైడ్ టూర్ తీసుకోవాలా?

షియామెన్ (కొత్త): అందరికీ నమస్తే. ఉద్యోగం మీద ఈమధ్యే చైనాలోని షియామెన్‌కు వచ్చాను, చైనీస్ రాదు. వచ్చే నెల అమ్మానాన్నలు వస్తున్నారు, నా ఫ్లాట్‌లోనే ఉంటారు. నాకు సెలవు దొరకదు. గైడుతో ఊరు చూపించే టూర్ ఒకటి చాలా తక్కువలో ఉంది. బుక్ చేయమంటారా? నాన్నకు మోకాళ్ల నొప్పి, అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

గ్వాంగ్‌జౌ: తమ్ముడూ, టూర్ సంగతి తర్వాత. హోటల్లో కాకుండా ఇంట్లో దిగితే 24 గంటల్లోపు పోలీస్ స్టేషన్లో నమోదు చేయించాలి. హోటలైతే వాళ్లే చూసుకుంటారు. పాస్‌పోర్టులు, అద్దె అగ్రిమెంటు దగ్గర పెట్టుకో. ఓనరు రేపు మాపు అంటాడు, ఇప్పుడే వెంటపడు.

షాంఘై: తక్కువలో వస్తోందంటే అక్కడే ఆగు బాబూ. వేరే ఊళ్లో మేమూ ఇలాంటి టూరే ఎక్కాం. పొద్దున్నే బస్సెక్కించారు. సముద్రం దగ్గర ఇలా దింపి, ఫొటోలు కాగానే అలా ఎక్కించేశారు. తర్వాత టీ దుకాణం. చిన్న గదిలో కూర్చోబెట్టి తలుపు వేసేశారు. ఒకమ్మాయి బొటనవేలంత కప్పుల్లో తియెగ్వాన్‌యిన్ అనే టీ పోస్తూనే ఉంది, కప్పు కింద పెడితే చాలు మళ్లీ నిండుతుంది. చివరికి డబ్బా 800 యువాన్లంది. మా ఆవిడ ‘పాలూ లేవు, పంచదారా లేదు, దీనికింతా?’ అని తెలుగులోనే అడిగేసింది. కొనలేదు. అక్కణ్నుంచి పచ్చరాళ్ల దుకాణం, ఆపైన పట్టు రజాయిలు. ఎవరూ ఏమీ కొనకపోయేసరికి గైడ్ మైకు కట్టేసి ముఖం మాడ్చుకుని కూర్చుంది. చూపిస్తామన్న గుడి దగ్గర బస్సు ఆగనేలేదు. ఇలా తక్కువ ధరతో ఎరవేసి దుకాణాలకు తిప్పడం 2013 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న చైనా పర్యాటక చట్టంలో నిషేధం. అలా అంటగట్టిన సరుకును టూర్ అయిన 30 రోజుల్లోపు వాపసు చేయించమని అడగొచ్చు. ఫిర్యాదుకు 12345కు ఫోన్ చేయాలి.

నింగ్‌బో: అన్ని టూర్లూ అలాగే ఉండవండీ. తులౌ మట్టికోటలకైతే టూరే మేలు, కొండల్లో దూరం, బస్సులు మారాలి. ఊళ్లో మాత్రం గైడ్ దండగ. గులాంగ్‌యు దీవికి ఊరి మధ్య లున్‌దు రేవు నుంచి ఫెర్రీ ఎక్కితే చిటికెలో దిగుతారు.

షియామెన్ (పాత): నింగ్‌బో గారూ, పాత సంగతి చెప్పి పెద్దవాళ్లను తిప్పలు పెట్టకండి. 2014 నుంచి పగటిపూట లున్‌దు ఫెర్రీ స్థానికులకే. పర్యాటకులు దొంగ్‌దు క్రూజ్ టెర్మినల్ నుంచి వెళ్లాలి, ఇరవై నిమిషాలు. టికెట్ 35 యువాన్ల నుంచి మొదలు, పాస్‌పోర్టు నంబరు మీదే ఇస్తారు. సెలవు రోజులైతే ముందే తీసిపెట్టు.

నింగ్‌బో: నేను లున్‌దు నుంచే వెళ్లాను.

షియామెన్ (పాత): సాయంత్రం వెళ్లుంటారు. అప్పుడు వదులుతారు.

షియామెన్ (పాత): తమ్ముడూ, ఇది నీకు. దీవిలో కార్లు, సైకిళ్లు తిరగవు, సందులన్నీ ఎత్తుపల్లాలు. ఎలక్ట్రిక్ బండి దీవి అంచున తిప్పుతుంది, నాన్నగారికి అది చాలు. సన్‌లైట్ రాక్ ఎత్తు 92 మీటర్ల పైనే, అన్నీ మెట్లే, వద్దు. అమ్మగారికి నాన్‌పుతువో గుడిలో శాకాహార భోజనం దొరుకుతుంది. షాచా నూడుల్స్ శాకాహారమని ఎవరన్నా నమ్మొద్దు, ఆ గుజ్జులోనే ఎండు రొయ్యలుంటాయి.

షాంఘై: ఇన్ని చెప్పి పక్క ఊరు చువాన్‌జౌ మరిచారే! రైల్లో అరగంట పైచిలుకు. కైయువాన్ గుడి వెనక రెండు రాతి స్తంభాల మీద నరసింహుడు, గజేంద్ర మోక్షం చెక్కి ఉన్నాయి. బౌద్ధాలయంలో మన దేవుళ్లు! అమ్మగారు ఇల్లు చేరాక ఊరంతా చెప్పుకుంటారు. మనవాళ్లు చేయించినవే.

గ్వాంగ్‌జౌ: మనవాళ్లంటే? అక్కడ దొరికిన 1281 నాటి శాసనం తమిళంలో ఉంది సార్.

షాంఘై: మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు గణపతిదేవుడు అభయ శాసనం వేయించింది 1244లో. మన ఓడలు అటు పోలేదంటారా?

గ్వాంగ్‌జౌ: పోయుండొచ్చు. స్తంభాలు చెక్కించింది మనమేనని దానివల్ల తేలదు కదా.

షియామెన్ (కొత్త): అన్నలూ, అందరికీ థ్యాంక్స్. ఆ టూర్ వదిలేస్తున్నా. చువాన్‌జౌ రైలెక్కేటప్పుడు ఆటోమేటిక్ గేటులో పాస్‌పోర్టు పనిచేస్తుందా?

షియామెన్ (పాత): చాలాచోట్ల చేయదు. సిబ్బంది ఉన్న గేటు పక్కనే ఉంటుంది, పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని ఆ లైన్లో నిలబడమను.