అప్‌డేట్: ఆఫీసు మీటింగుల్లో మాటలు సరిగ్గా వినపడటం లేదని అడిగాను కదా, తేలింది

రెండు చెవులకూ మిషన్ పెట్టుకుంటాను, అయినా హైదరాబాద్ ఆఫీసులో మీటింగుల్లో సగం మాటలు అందడం లేదు, ఏం చేయాలి అని మూడు నెలల కిందట అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

కొత్త మిషన్ కొనమని ఎక్కువమంది చెప్పారు. అవసరం లేకపోయింది. ఆడియాలజిస్టు పరీక్షించి మిషన్లు బాగానే ఉన్నాయని, అద్దాల గోడల గదిలో గొంతులు ప్రతిధ్వనించడమే ఇబ్బందని చెప్పారు.

పనికొచ్చింది 2016 వికలాంగుల హక్కుల చట్టం గురించి ఒకరిచ్చిన సలహా. 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు సంస్థకు కూడా సమాన అవకాశాల పాలసీ ఉండాలి. 20 మంది, అంతకు మించి ఉద్యోగులుంటే ఆ పాలసీలో లైజన్ ఆఫీసర్ (వికలాంగ ఉద్యోగుల నియామకాలు, సదుపాయాలు చూసే అధికారి) నియామకం కూడా ఉండాలి. హెచ్‌ఆర్‌కి మర్యాదగా మెయిల్ పెట్టి, ఆ ఆఫీసర్ ఎవరని అడిగాను. మా దగ్గర అలాంటివారు ఉన్నారని మా మేనేజర్‌కే తెలియదు! వారంలో పిలిచి మాట్లాడారు.

ఇప్పుడు గదిలో ఉన్నా ఎవరి ల్యాప్‌టాప్, హెడ్‌సెట్‌తో వాళ్లే కాల్‌లో చేరతారు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు, నిర్ణయాలు చాట్‌లో రాస్తారు. మాటల్ని అప్పటికప్పుడు స్క్రీన్ మీద రాసి చూపే లైవ్ క్యాప్షన్లు ఇంగ్లిష్‌కి పర్వాలేదు. మనవాళ్లు తెలుగూ ఇంగ్లిషూ కలిపేస్తే మాత్రం నవ్వొచ్చేలా రాస్తాయి.

లీగల్ నోటీసు దాకా వెళ్లలేదు. యూడీఐడీ కార్డు (ప్రభుత్వమిచ్చే వైకల్య గుర్తింపు కార్డు) గురించి టెన్షన్ పడ్డాను గానీ, మావాళ్లు అసలు అడగలేదు.