పాత ఇంటి వైరింగ్ మీదుగా పై అంతస్తుకు ఇంటర్నెట్: పవర్‌లైన్ అడాప్టర్లు ఎందుకు పనిచేయడం లేదు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. రాజమండ్రిలో మాది 1996లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. ఫైబర్ రౌటర్ కింది హాల్లో ఉంది. మధ్యలో శ్లాబు, తొమ్మిది అంగుళాల గోడ అడ్డు రావడంతో, మా అమ్మాయి చదువుకునే పై గదికి వైఫై దాదాపు అందడం లేదు. గోడలు పగలగొట్టడం ఇష్టంలేక, కరెంటు తీగల మీదుగానే డేటా పంపే పవర్‌లైన్ అడాప్టర్ల జత కొన్నాను. రెండూ హాల్లోనే పెడితే 90 ఎంబీపీఎస్ వస్తోంది. ఒకటి పైకి తీసుకువెళ్తే 4 దాటడం లేదు, మిక్సీ వేస్తే అదీ ఆగిపోతోంది. పెట్టె మీద మాత్రం 500 అని ఉంది. లోపం ఎక్కడ? గోడల్లో ఉన్న కేబుల్ టీవీ, ల్యాండ్‌లైన్ వైర్లయినా పనికొస్తాయా?

జవాబు 1

ఆ 500 తీగ మీది గరిష్ఠ సంకేత వేగమే గాని, మన చేతికి వచ్చే వేగం కాదండి. హాల్లో 90 వస్తోందంటే అడాప్టర్లు బాగానే ఉన్నట్టు. మీది త్రీఫేజ్ కనెక్షన్ అయితే, కింది అంతస్తు ఒక ఫేజ్ మీద, పై అంతస్తు మరో ఫేజ్ మీద ఉండి ఉంటాయి. వాటి మధ్య సంకేతానికి నేరుగా దారి లేదు, పక్కపక్కనే సాగే తీగల మధ్య కొద్దిగా దూకి వెళ్లిందే మీకు అందుతోంది. పై ప్లగ్గు ఇన్వర్టర్ లైన్ మీద ఉన్నా ఇదే ఇబ్బంది. అడాప్టర్‌ను సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టకుండా, నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టండి, ఆ బాక్సులోని ఫిల్టర్ సంకేతాన్నే మింగేస్తుంది.

జవాబు 2

కేబుల్ టీవీ వైరు మీదుగా డేటా పంపే మోకా (MoCA) అడాప్టర్లు చాలా బాగా పనిచేస్తాయి గాని, మన దుకాణాల్లో అంత తేలికగా దొరకవు. పైగా అవి వాడే 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్ పరిధి డిష్ సంకేతాల పరిధిలోనే ఉంది కాబట్టి, డీటీహెచ్ నడుస్తున్న వైరు మీద పెట్టకూడదు. నా మాట వింటే ల్యాండ్‌లైన్ పైపు చూడండి. ఆ పాత వైరు చివర క్యాట్ 6 కేబుల్ (రౌటర్ నుంచి నేరుగా ఇంటర్నెట్ తీసుకువెళ్లే నెట్‌వర్క్ వైరు) కట్టి, పైనుంచి లాగితే అదే దారిలో వచ్చేస్తుంది. అల్యూమినియానికి రాగి పూత వేసినది వద్దు, పూర్తి రాగిదే అడిగి తీసుకోండి. కరెంటు తీగలున్న పైపులోకి మాత్రం దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ దూర్చవద్దు, 230 వోల్టుల తీగ తొడుగు దెబ్బతింటే ప్రమాదం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బోర్డు తెరిపించి చూస్తే హాలు ఎరుపు ఫేజ్ మీద, పై గది నీలం ఫేజ్ మీద ఉన్నాయి. ఫోన్ పైపులో కేబుల్ రెండో వంపు దగ్గర బిగుసుకుపోతే, ఎలక్ట్రీషియన్ టాల్కం పౌడర్ పోసి, కింద ఒకరు తోస్తుండగా పైనుంచి మెల్లగా లాగాడు. మొదట లింకు 100 దగ్గరే ఆగింది, ఒక జత తీగ కనెక్టర్‌లో సరిగా కూర్చోలేదట. క్రింపింగ్ (కనెక్టర్‌లో తీగలను నొక్కి బిగించడం) మళ్లీ చేశాక నాలుగు జతలూ కలిసి గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ లింకు వచ్చింది. మళ్లీ ఎప్పుడైనా అవసరం పడుతుందని, పైపులో ఒక నైలాన్ దారం కూడా వదిలిపెట్టించాను.