బొంత కుట్టడం నేర్చుకోవాలంటే ముందు చేత్తోనా, మిషన్ మీదా?

హన్మకొండ_సూదీదారం

అందరికీ నమస్కారం. చెల్లి కాన్పుకి ఇంకా రెండున్నర నెలలుంది. ఇంట్లో ఏడు పాత నేత చీరలున్నాయి, ఉతికి ఉతికి మెత్తబడ్డవి, అక్కడక్కడా చిరిగినవి. బిడ్డ పుట్టకముందే కొత్త బట్టలు కుట్టకూడదని మా అత్తమ్మ అంటుంది గానీ పాత చీరల బొంతకి ఆ పట్టింపు లేదట, అందుకని అదే కుడదామనుకున్నాను. ఇంతవరకు నాకు వచ్చిందల్లా జాకెట్లకి హుక్కులు కుట్టడం, చీరకి ఫాల్ వేయడం. అత్తమ్మది కాలితో తొక్కే నల్ల మిషన్ ఉంది, బాగానే నడుస్తుంది.

పోయిన ఆదివారం మొదటిసారి కూర్చున్నాను. చీరని నాలుగు పొరలుగా మడిచి, చుట్టూ అంచులు మిషన్ మీద కుట్టేసి, తర్వాత మధ్యలో వరుసలు వేయడం మొదలుపెట్టాను. మూడో వరుసకే పై పొర ముందుకి నెట్టుకుంటూ వచ్చి చివర అంచు దగ్గర రెండు వేళ్ళ మందం ముడత పడింది. తిప్పి చూస్తే కింద గుడ్డ కూడా కుచ్చులు కుచ్చులుగా కుట్టులో పడిపోయి ఉంది. ఏడుపొచ్చింది. కుట్లు విప్పుతుంటే పాత గుడ్డ కదా, రెండు చోట్ల చిరిగింది కూడా.

పక్కింటి పెద్దమ్మ, నెల రోజులు చేత్తో కుట్టాకే మిషన్ ముట్టుకో అంటుంది. ఆన్‌లైన్‌లో క్లాసు చెప్పే మేడమేమో చేతికుట్టుతో మొదలుపెడితే నెలలో విసుగొచ్చి మానేస్తారు, మిషన్ మీదే నేర్చుకోండి అంటుంది. ఇద్దరూ తెలిసినవాళ్ళే, నాకే తేలడం లేదు. మీరేమంటారు?

ఆదోని_వదిన

అమ్మాయీ, మీ పెద్దమ్మ చెప్పినట్టు విను. నేను మా జేజి దగ్గర నేర్చుకున్నాను, ఇప్పటికి ముప్ఫై బొంతలు కుట్టుంటాను, ఒక్కటి కూడా మిషన్ మీద కాదు. మిషన్ చెడ్డదని కాదు నేననేది. పొరలు ఎలా జరుగుతాయో వేళ్ళకి తెలియాలి, అది చేత్తో కుడితేనే తెలుస్తుంది. సూది దింపేటప్పుడు ఎడమ చెయ్యి బొంత కింద ఉంటుంది చూడు, కింద పొర ముడత పడితే ఆ వేళ్ళకి వెంటనే తగులుతుంది, అక్కడే ఆగి లాగి సరిచేస్తావు. మిషన్ మీద ఆ ముడత నీకు కనబడేది మొత్తం కుట్టేశాకే. ఆదివారం నీకు జరిగింది అదే.

ఇంకో మాట, అంచులు ముందు కుట్టేయడం అసలు తప్పు. చుట్టూ మూసేస్తే మధ్యలో మిగిలిన గుడ్డ ఎటు పోతుంది? మధ్య నుంచి అంచులకి పోవాలి, మిగిలింది బయటికి వెళ్ళిపోతుంది, ఆఖర్న కత్తిరించి అంచు మడుస్తావు.

దిల్‌సుఖ్‌నగర్_టైలర్

అక్కా, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఇక్కడ తప్పు మిషన్‌ది కాదు. పొరలు జరగకుండా ముందు తాత్కాలికంగా వేసే కచ్చాకుట్టు లేకుండా నాలుగు పొరలు మిషన్ కింద పెడితే ఇరవై రెండేళ్ళుగా మిషన్ తొక్కుతున్న నాకైనా ముడతే వస్తుంది.

ఎందుకొస్తుందో చెబుతాను. మిషన్ కింద పళ్ళుంటాయి కదా, అవి కింది పొరని మాత్రమే వెనక్కి లాగుతాయి. పైనున్న ఫుట్ పై పొరని నొక్కి పట్టి ఆపుతుంది. కాబట్టి ప్రతి కుట్టుకీ పై పొర కొంచెం కొంచెం వెనకబడుతుంది, నాలుగడుగులు కుట్టేసరికి ఆ కొంచెం కొంచెం కలిసి రెండు వేళ్ళ ముడత అవుతుంది. దీనికి మందు ఏంటంటే, నల్ల మిషన్ తల మీద, ఫుట్ ఉన్న కడ్డీ పైన ఒక స్క్రూ ఉంటుంది, దాన్ని రెండు మూడు చుట్లు వదులు చేయండి, ఫుట్ ఒత్తిడి తగ్గుతుంది. కుట్టు పొడుగు పెంచండి, జాకెట్ కుట్టే సన్న కుట్టు పనికిరాదు. సూది 16 నంబరు వేయండి. మొదలుపెట్టే ముందు బెత్తెడుకొకటి పిన్నీసులు పెట్టండి, లేదా జానెడు దూరంలో చేత్తో పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేయండి. ఇవన్నీ చేశాక కూడా ముడతొస్తే అప్పుడు నన్ను తిట్టండి.

ఇంకా టైం సంగతి. ఒక మనిషి పడుకునే బొంత 4 అడుగులు, 6 అడుగులు అనుకుందాం. అంగుళానికో వరుస వేస్తే 48 వరుసలు, ఒక్కోటి 72 అంగుళాలు. అంగుళానికి 4 కుట్లు చొప్పున లెక్కేసుకోండి, దాదాపు 14 వేల కుట్లు! ఇల్లు, పిల్లలు, ఉద్యోగం చూసుకునే మనిషిని కూర్చోబెట్టి ముందు ఇన్ని కుట్లు చేత్తో కుట్టు, తర్వాత మాట్లాడదాం అంటే, నేర్చుకోవాలన్న ఆశ చంపేసినట్టే కదా.

విశాఖ_పద్మ

టైలర్ గారి మాటకి నా ఓటు. నాకు రెండు చేతుల మణికట్లూ నొప్పి, డాక్టర్ సూదిపని తగ్గించమన్నారు. చేత్తో కుట్టనిది బొంతే కాదు అన్నట్టు మాట్లాడితే నాలాంటి వాళ్ళు ఏం చేయాలి? పోయిన సంవత్సరం మా అబ్బాయి హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు మోటారు మిషన్ మీదే రెండు బొంతలు కుట్టాను, వారానికోసారి ఉతుకుతున్నాడు, ఒక్క కుట్టు ఊడలేదు.

ఆదోని_వదిన

పద్మా, నీ చేతులు నొప్పి పెట్టుకుని కుట్టమని ఎవరంటారమ్మా. నేను మాట్లాడేది మొదటిసారి నేర్చుకునే పిల్ల గురించి. నువ్వు మిషన్ మీద కుట్టగలిగావంటే అంతకుముందు ఎన్నేళ్ళు సూది పట్టుకున్నావో చెప్పు ముందు.

టైలర్ తమ్ముడూ, 14 వేల లెక్క బాగుంది గానీ నేనెప్పుడు చెప్పాను మొదటిది మంచం బొంతే కుట్టమని? చంటిపిల్ల బొంత మూరన్నర, రెండు మూరలు ఉంటే చాలు. రోజూ మధ్యాహ్నం గంట కూర్చుంటే పది రోజుల్లో అయిపోతుంది. పైగా నువ్వే చెప్పావు జానెడు దూరంలో చేత్తో కచ్చాకుట్లు వేయమని. అది చేతికుట్టు కాదా మరి?

న్యూజెర్సీ_దారపుండ

నేను తెనాలి దగ్గరి పిల్లని, పద్నాలుగేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. మా ఊరి లైబ్రరీలో నెలకోసారి క్విల్టింగ్, అంటే ఇక్కడి రకం బొంతలు కుట్టడం, చేసేవాళ్ళం కలుస్తాం, ఇదే గొడవ అక్కడా ఉంది, చాలా పాత గొడవ. కెంటకీ రాష్ట్రంలోని పడూకాలో అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ పోటీ జరుగుతుంది. 1989లో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ అనే ఆవిడ మిషన్ మీద కుట్టిన క్విల్ట్‌కి అక్కడ అన్నిటికన్నా పెద్ద బహుమతి వచ్చింది. మిషన్ క్విల్ట్‌కి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. అప్పటిదాకా పెద్ద బహుమతి అంటే చేతికుట్టుకే. మా గుంపులో డెబ్బై దాటిన ఒకావిడ ఇప్పటికీ దాని గురించి నిన్న జరిగినట్టు వాదిస్తుంది.

కానీ నేను చెప్పాలనుకున్నది వేరు. ఇక్కడ మేం కుట్టేదీ మన బొంతా ఒకటి కావు, అందుకే క్లాసు మేడమ్ సలహా మీకు సరిపోవడం లేదేమో అని నా అనుమానం. ఇక్కడ కొత్త కాటన్ గుడ్డ కొంటాం, చక్రం కత్తితో ముక్కలు కోస్తాం, పావు అంగుళం కుట్టు వదిలి కలుపుతాం, మధ్యలో దూది షీటు పెడతాం. గుడ్డ గట్టిగా ఉంటుంది, తప్పు కుడితే విప్పొచ్చు. మిషన్‌కి వాకింగ్ ఫుట్ అని వేరే ఫుట్ దొరుకుతుంది, దానికి పైన కూడా పళ్ళుంటాయి, టైలర్ గారు చెప్పిన సమస్య దాంతో చాలావరకు పోతుంది. పాత నేత చీర అలా కాదు. అది సాగుతుంది, ఒక్కో చీర ఒక్కోలా సాగుతుంది, విప్పితే చిరుగుతుంది. మీరే చూశారు. తప్పు చేసి దిద్దుకోవడానికి వీలులేని గుడ్డ మీద నేర్చుకుంటున్నప్పుడు నెమ్మదిగా వెళ్ళే పద్ధతే మేలు, అందుకే నేను వదిన గారి వైపు.

వరుస వంకర పోతుందని భయపడొద్దు. అలబామాలో గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి ఆడవాళ్ళు పొలంలో వేసుకుని అరిగిపోయిన ప్యాంట్లు, పాత గుడ్డపేలికలతో చలికి కప్పుకోవడానికి క్విల్ట్‌లు కుట్టుకున్నారు. గీతలు తిన్నగా ఉండవు, చదరాలు చదరంగా ఉండవు. 2002లో అవి న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకెక్కాయి, 2006లో వాటితో అమెరికా పోస్టల్ స్టాంపులు వచ్చాయి. మొదటిసారి ఆ బొమ్మలు చూసినప్పుడు నాకు మా అమ్మమ్మ మంచం మీది బొంత గుర్తొచ్చింది, ఎర్ర అంచు, పసుపు ముక్క, మధ్యలో మా తాతయ్య పంచె.

దిల్‌సుఖ్‌నగర్_టైలర్

అక్కా, గుడ్డ సంగతి మీరు చెప్పింది నిజమే, ఒప్పుకుంటాను. నేను రోజూ పట్టుకునేది కొత్త గుడ్డే. పాత చీర విప్పితే చిరుగుతుందన్నది నా లెక్కలో లేదు. అయినా ఒక మాట. మధ్య నుంచే మొదలుపెట్టాలి, అంచు నుంచి మొదలుపెడితే తప్పు అన్నారు వదిన గారు. అది మరీ అంత కచ్చితమైన రూలా?

ఆదోని_వదిన

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. రూలు కాదు. మా వైపు కర్ణాటక దగ్గర, అక్కడ బొంతని కౌది అంటారు. మా ఆడపడుచుది హుబ్లీ, వాళ్ళింటికి పోయినప్పుడు సిద్దీల బొంత చూశాను. ఉత్తర కన్నడ అడవుల్లో ఉంటారు, ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. కవండి అంటారు దాన్ని. వాళ్ళు మూల దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు, ఆఖరి కుట్టు మధ్యలో పడుతుంది. నేను చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకం! అయినా ముడతే లేదు.

ఎందుకా అని అరగంట చూస్తూ కూర్చున్నాను. వాళ్ళు పైగుడ్డ అంతా ఒకేసారి పరవరు. కింద చీర పరిచి, పైన ఒక్కో ముక్క పెట్టుకుంటూ, దాని అంచు వేలితో లోపలికి మడిచి అక్కడికక్కడే కుట్టేస్తూ పోతారు. కుట్టని చోట పై ముక్కే ఉండదు కాబట్టి ముడతకి చోటు లేదు. మనం ఒక చీర పూర్తిగా పైన పరుస్తాం, అందుకని మనకి మధ్య నుంచి పోవడమే సరి. చూశావా, చేత్తో చేసేవాళ్ళు ఎక్కడ గుడ్డ మిగులుతుందో దాన్నిబట్టి దారి మార్చుకున్నారు. ఆ పిల్లకి నేర్పాలనేది అదే, సూది పట్టుకోవడం ఒక్కటే కాదు.

విశాఖ_పద్మ

వదినా, మీరడిగారు కాబట్టి చెబుతున్నాను, నేను చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని చేత్తోనే కుట్టాను. ఆ మాట నేను మర్చిపోయి మాట్లాడాను. కానీ చేతులు సహకరించని కొత్తవాళ్ళు ఎవరైనా ఇది చదివి భయపడి ఆగిపోకూడదు, వాళ్ళు పిన్నీసులు ఎక్కువ పెట్టుకుని మిషన్ మీదే మొదలుపెట్టొచ్చు. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

హన్మకొండ_సూదీదారం

పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను, ఆలస్యమైంది, క్షమించండి. అందరి మాటలూ రెండుసార్లు చదివాను.

చేత్తోనే మొదలుపెట్టాను. చిరిగిన చీర పక్కన పెట్టి, ఇంకో రెండు చీరల్లో గట్టిగా ఉన్న చోట చూసి కోసి, గంజి పోయేదాకా ఉతికి, తడి ఆరకముందే ఇస్త్రీ చేశాను. హాల్లో నేల తుడిచి పరిచాం, నేనూ పెద్దమ్మా చెరోవైపు కూర్చుని అరచేత్తో మధ్య నుంచి బయటికి నిమురుతూ. నాలుగు మూలలకి పప్పు డబ్బాలు బరువు పెట్టింది పెద్దమ్మ. కచ్చాకుట్లు జానెడుకొకటి. తర్వాత దబ్బనం తీసుకోబోతే పెద్దమ్మ కోప్పడింది, దబ్బనం గోనెసంచులకి, నాలుగు పొరల పాత చీరకి పొడుగు సూది చాలు, దబ్బనం పెట్టిన కన్నం మళ్ళీ మూసుకోదు అని.

మొదటి రోజు నా కుట్లు కొన్ని బియ్యపు గింజంత, కొన్ని చింతగింజంత. మూడో రోజు నుంచి వాటంతటవే సమానంగా రావడం మొదలైంది, ఎప్పుడు మారిందో నాకే తెలియలేదు. ఐదో రోజు వదిన గారు చెప్పింది జరిగింది. ఎడమ చేతి చూపుడు వేలికి కింద సన్నటి గీతలాంటిది తగిలింది, ఆగి తిప్పి చూస్తే దారమంత ముడత! లాగితే పోయింది. అప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను, లేచి వెళ్ళి పెద్దమ్మకి చూపించాను, ముడత పోయింది కాబట్టి చూపించడానికి ఏమీ లేదు అక్కడ, అయినా చూపించాను.

నిన్న చిన్న బొంత అయిపోయింది. మిగిలిన చీరలతో చెల్లికి పెద్దది కుట్టాలి, దానికి మాత్రం మిషనే, 14 వేల కుట్లు నావల్ల కాదు. టైలర్ అన్నా, స్క్రూ వదులు చేశాను, 16 నంబరు సూది తెచ్చాను. ఒకటే సందేహం, అంత పెద్ద బొంత మిషన్ మెడ కింద ఎలా పడుతుంది?

దిల్‌సుఖ్‌నగర్_టైలర్

రెండు వైపుల నుంచీ చాప చుట్టినట్టు చుట్టండమ్మా, మధ్యలో జానెడు మాత్రం వదలండి. కుడివైపు చుట్ట మెడ కింద పెట్టి, ఎడమవైపుది పక్కన స్టూలు వేసి దాని మీద ఆనించండి, కిందికి వేలాడితే ఆ బరువే గుడ్డని లాగేస్తుంది. మధ్య వరుస ముందు కుట్టి, ఒక వైపు అంచు దాకా వెళ్ళి, అప్పుడు తిప్పి రెండో వైపు చేయండి. పిన్నీసులు పెట్టేటప్పుడే లెక్క రాసుకోండి, తీసేటప్పుడు లెక్క సరిపోవాలి, బాలింత పడుకునే బొంత అది.

ఆదోని_వదిన

పిన్నీసుల లెక్క ఎంత వచ్చిందో ఇక్కడ కూడా చెప్పు అమ్మాయీ. కచ్చాకుట్టు మాత్రం ఈసారి కూడా చేత్తోనే వెయ్యి, పిన్నీసులున్నా సరే.